ఒక్క ఆల్కోనైనా నడుస్తూ ఉంచండి

పోయిన ఏడాది మామను తీసుకుని ఒక పెళ్లికి వెళ్లాను. ఊరి పేరు రాయను, అవసరం లేదు. అక్కడ స్టేషన్ బయట ఒక పాత డీజిల్ ఇంజన్‌ను సిమెంటు దిమ్మె మీద నిలబెట్టి, చుట్టూ గడ్డి పెంచి, గొలుసులు కట్టారు. కొత్త రంగు వేసినట్టున్నారు, ఎండకు మెరిసిపోతోంది, పిల్లలు ముందు నిలబడి ఫోటోలు దిగుతున్నారు. మామ దాని చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. తర్వాత మోకాళ్ల మీద చేతులు పెట్టి వంగి, చక్రాల దగ్గరి స్ప్రింగుల వైపు చాలాసేపు చూశాడు. లేచి, "దీంట్లో ఇంజను లేదు రా, లోపలంతా ఖాళీ" అన్నాడు. తలుపులన్నీ వేసే ఉన్నాయి కదా, నీకెట్లా తెలిసింది మామా అంటే, "స్ప్రింగులు చూడు, ఎట్లా లేచి నిలబడినాయో. పైన బరువుంటే అంత ఎత్తున ఉండవు" అన్నాడు.

మామ గుత్తి డీజిల్ షెడ్‌లో ఫిట్టరుగా 31 ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. ఆ రోజు పెళ్లిలో సరిగ్గా అన్నం కూడా తినలేదు.

అప్పటినుంచీ నా బుర్రలో ఇదే తిరుగుతోంది, అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను. మేం ఆల్కో అని పిలిచే డబ్ల్యూడీఎం-2 అనే ఆ ఇంజన్ రకాన్ని పెంకు మాత్రం మిగిల్చి, రంగులేసి, దిమ్మెల మీద పెట్టడం దాన్ని కాపాడటం కాదు. దాన్ని దశాబ్దాలు సాకిన షెడ్ల దగ్గర ఒక్కటైనా, బటన్ నొక్కితే స్టార్టయ్యే స్థితిలో ఉండాలి. దాన్ని స్టార్ట్ చేయడం, విప్పడం, బిగించడం తెలిసినవాళ్లు ఉండగానే వాళ్ల దగ్గర ఆ పని రాసి పెట్టుకోవాలి. రెండోది ఇంకా తొందరగా జరగాలి, ఎందుకంటే ఇనుము ఆగినన్నాళ్లు మనుషులు ఆగరు.

రైల్వేవాళ్ల పేర్లకు ఒక లెక్కుంది. డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజ్, డీ అంటే డీజిల్, ఎం అంటే మిక్స్‌డ్, అంటే గూడ్సుకూ ప్యాసింజరుకూ రెండింటికీ పనికొచ్చేది. ఆ వరుసలో రెండో రకం కాబట్టి 2. పుట్టింట్లో దాని పేరు డీఎల్ 560సీ. పుట్టిల్లు అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని షెనెక్టడీ ఊరు, కంపెనీ అమెరికన్ లోకోమోటివ్ కంపెనీ, పొట్టిగా ఆల్కో. మా ఊళ్లో ఆ పొడుగు పేర్లు ఎవరూ పలికేవాళ్లు కాదు, "ఆల్కో" అంటే చాలు. 1950లలో అమెరికాలో ఆరు ఇరుసులకూ మోటార్లున్న డీజిల్ అంటే ప్రధానంగా బరువు లాగే గూడ్సు ఇంజనే. మన దగ్గరికొచ్చాక అదే ఇంజన్ పొద్దున మెయిలు లాగి, రాత్రికి బొగ్గు వ్యాగన్లు లాగింది.

ఆరు ఇరుసులు ఎందుకంటే లెక్క తేలికే. ఇంజన్ బరువు 112.8 టన్నులు, ఆరింటికి పంచితే ఒక్కో ఇరుసు మీద 18.8 టన్నులు. అప్పటి మన పట్టాలకు అది నప్పింది, పైగా ఆరు ఇరుసులకూ ఆరు మోటార్లు కాబట్టి పట్టు బాగా దొరికింది. డీజిల్ ఇంజన్ అంటాం గానీ నిజానికి చక్రాల్ని తిప్పేది కరెంటే. పదహారు సిలిండర్ల ఇంజన్ జనరేటరును తిప్పుతుంది, జనరేటర్లో పుట్టిన కరెంటు కింద ఇరుసులకు వేలాడే మోటార్లకు పోతుంది. ఇంకోటి, ఈసారి ఎక్కడైనా ఆల్కో కనబడితే పక్కనుంచి చక్రాల్ని చూడండి. ఒక బోగీలో (పెట్టె కాదు, ఇంజన్ కింద చక్రాల్ని పట్టి ఉంచే చట్రం) మూడు ఇరుసులుంటాయి కదా, మొదటిదానికీ రెండోదానికీ మధ్య ఎడం, రెండోదానికీ మూడోదానికీ మధ్య ఎడం సమానంగా ఉండవు. దాన్ని ట్రైమౌంట్ బోగీ అంటారు, పైబరువు మూడు చోట్ల ఆనుతుంది కాబట్టి ఆ పేరు. మోటార్లు ఇమడటానికి అట్లా ఎడం మార్చారు. చిన్నప్పుడు నేను దాన్ని తయారీలో తప్పనుకునేవాణ్ని.

ఇప్పుడు అసలు తగువుకు వస్తాను. రైళ్ల పిచ్చి ఉన్నవాళ్లలో కూడా చాలామంది ఏమంటారంటే, ఆల్కో మనకు అంటగట్టిన పాత సరుకు, మునిగిపోతున్న కంపెనీ దగ్గర మనం కొనుక్కున్నాం అని. దీంట్లో సగం నిజం ఉంది. 1957లో ఆల్కో దగ్గరే డబ్ల్యూడీఎం-1 అనే రకం వంద ఇంజన్లు కొన్నాం, అది 12 సిలిండర్లది. 1962 వచ్చేసరికి రెండు కంపెనీల ఇంజన్లు ఇక్కడికి చేరాయి. ఆల్కోది డబ్ల్యూడీఎం-2, జనరల్ మోటార్స్‌ది డబ్ల్యూడీఎం-4, రెండూ 2600 హార్స్‌పవరే. జీఎం ఇంజన్ పనితీరులో మేలని చెప్పేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. 1969లో హౌరా-ఢిల్లీ మధ్య మొదటి రాజధాని ఎక్స్‌ప్రెస్ మొదలైనప్పుడు ముందు తగిలించింది డబ్ల్యూడీఎం-4నే. దాన్నేమీ తక్కువ చేయడం లేదు నేను. కానీ అవి మొత్తం 72 వచ్చాయి, అంతటితో ఆగిపోయాయి. ఆల్కో మాత్రం ఇంజన్‌తోపాటు డ్రాయింగులిచ్చింది, ఎట్లా తయారు చేయాలో నేర్పడానికి ఒప్పుకుంది. వారణాసిలో 1961లో మొదలైన డీజిల్ లోకోమోటివ్ వర్క్స్ నుంచి మొదటి డబ్ల్యూడీఎం-2 1964 జనవరిలో బయటికొచ్చింది, లాల్ బహదూర్ శాస్త్రి చేతుల మీదుగా.

తర్వాత ఏమైందో చూడండి. 1969లో ఆల్కో ఇంజన్ల తయారీ మూతపడింది. బండి లోపల ఉండే డీజిల్ యంత్రాల్లో, అంతకుముందు ఆల్కో తెచ్చిన 244 అనే రకం అమెరికాలో పేరు చెడగొట్టింది, 251 అనే మంచి ఇంజన్ తయారయ్యేసరికి ఆలస్యమైంది, అన్నాళ్లూ భాగస్వామిగా ఉన్న జనరల్ ఎలక్ట్రిక్ తనే పోటీకి దిగింది. అట్లా కంపెనీ పోయింది. మన చేతిలో ఉన్నవి ఆ 251 ఇంజన్ బండ్లే, 16 సిలిండర్ల 251బి. మామూలుగా అయితే ఏమవ్వాలి? విడిభాగాలు దొరక్క, ఒక్కోటీ మూలన పడి, పదేళ్లలో తుక్కు కావాలి. అట్లా కాలేదు. వారణాసిలో తయారీ ఆగలేదు, 1998 దాకా సాగింది, 2,600కు పైగా డబ్ల్యూడీఎం-2లు తయారయ్యాయి. అంతటితో కూడా ఆగలేదు. అదే తొమ్మిదంగుళాల బోరు (సిలిండర్ లోపలి వెడల్పు), అదే పదిన్నర అంగుళాల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), అవే పదహారు సిలిండర్లు పెట్టుకుని 2600ను 3100 చేశారు, అది డబ్ల్యూడీఎం-3ఏ అయ్యింది. దాన్ని 3300 చేస్తే డబ్ల్యూడీఎం-3డీ. గూడ్సుకే ప్రత్యేకంగా డబ్ల్యూడీజీ-3ఏ వచ్చింది. పాటియాలాలో పాత ఇంజన్లను విప్పి, బలం పెంచి, మళ్లీ పంపించారు. శ్రీలంకకు, బంగ్లాదేశ్‌కు మనమే అమ్మాం. అమెరికాలో కన్నతల్లి పోయాక ఆ బిడ్డను అర్ధ శతాబ్దం ఇక్కడ పెంచారంటే అది అంటగట్టిన సరుకు ఎట్లా అవుతుంది? డ్రాయింగులు ఎవరిస్తే వాళ్ల ఇంజనే తీసుకున్న 1962 నాటి నిర్ణయం సరైనదని నా గట్టి నమ్మకం. జీఎం ఇంజన్లే వేలల్లో కొనుక్కుని, ప్రతి బోల్టుకూ అమెరికా వైపు చూస్తూ కూర్చుని ఉంటే మన రైల్వేలు ఎట్లుండేవో ఆలోచించండి.

మా వైపు సంగతి చెప్తాను. గుంతకల్లు నుంచి గుత్తి, తాడిపత్రి, ఎర్రగుంట్ల, కడప మీదుగా రేణిగుంట పోయే లైను పాత మద్రాసు-బొంబాయి దారి. బళ్లారి, హోస్పేట వైపు ఇనుప ఖనిజం చెన్నై రేవుకు ఈ దారినే పోయేది. ఎర్రగుంట్ల, తాడిపత్రి ప్రాంతం సిమెంటు ఈ దారినే పోయేది. ముద్దనూరు దగ్గర థర్మల్ స్టేషన్ వచ్చాక బొగ్గు కూడా. ఇదంతా చాలా ఏళ్లు డీజిల్ మీదే నడిచింది, రెండేసి ఇంజన్లు జోడించి. అటు ఉత్తరాంధ్రలో కొత్తవలస నుంచి కిరండోల్ దాకా అరకు ఘాట్ ఎక్కిన బైలదిల్లా ఖనిజం లైను కూడా కరెంటు వచ్చేదాకా డీజిల్ మీదే. కాజీపేట షెడ్, విశాఖ షెడ్, గుత్తి షెడ్, ఈ మూడు పేర్లు ఇంజన్ మీద పసుపు అక్షరాల్లో చూస్తూ పెరిగినవాళ్లు వేలమంది ఉంటారు మనలో. గుత్తి అనగానే జనం కోట గురించి అడుగుతారు. మాకు ఊరంటే కోట ఎంతో, రాత్రిళ్లు షెడ్‌లో ఐడిలింగ్‌లో, అంటే నిలబడి ఊరికే తిరుగుతూ, ఉన్న ఇంజన్ల చప్పుడు అంత. కొత్తగా పెళ్లై వచ్చిన మా అత్తకు మొదట్లో నిద్ర పట్టేది కాదట, తర్వాత పుట్టింటికి పోతే ఆ చప్పుడు లేక నిద్ర పట్టేది కాదట.

నేను మొదటిసారి ఇంజన్ లోపలికి ఎక్కింది 1989లో, తొమ్మిదేళ్లప్పుడు. ఆయుధపూజ రోజు ఇళ్లవాళ్లను షెడ్‌లోకి రానిచ్చేవాళ్లు. ఇంజన్లకు మామిడి తోరణాలు, బంతిపూల దండలు, చక్రాల కింద నిమ్మకాయలు. గుమ్మడికాయ పగలగొట్టాక మామ నన్ను క్యాబ్‌లోకి ఎక్కించాడు. ముందు ఎవరో కింద ఒక పొడుగు ఇనుప బారు పెట్టి ఇంజన్‌ను చేత్తో మెల్లగా తిప్పారు. ఎందుకో అప్పుడు తెలియదు, మామ తర్వాత చెప్పాడు. ఇంజన్ ఎక్కువసేపు ఆగి ఉంటే లోపల ఎక్కడన్నా కారి సిలిండర్‌లోకి నీళ్లు చేరి ఉండొచ్చు. గాలి నలిగినట్టు నీళ్లు నలగవు. అది చూసుకోకుండా బటన్ నొక్కితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఒక్క క్షణంలో లక్షల రూపాయల ఇంజన్ పోతుంది. అందుకని ముందు చేత్తో తిప్పి, నీళ్లేమన్నా బయటికొస్తాయేమో చూస్తారు. అదయ్యాక బటన్ నొక్కారు. బ్యాటరీ కరెంటుతో జనరేటరే మోటారులా తిరిగి ఇంజన్‌ను తిప్పడం మొదలుపెట్టింది, ముసలాయన మంచం మీంచి లేస్తున్నట్టు మూలుగుతూ. ఒక సిలిండర్ అంటుకుంది, ఇంకోటి, తర్వాత నాలుగైదు ఒకేసారి, పైన పొగ భగ్గుమంది, కాళ్ల కింద ఇనుప రేకు వణికింది, ఆ వణుకు మోకాళ్ల దాకా ఎక్కింది. నేను మామ చొక్కా పట్టుకున్నాను. వేడెక్కిన ఆయిలు వాసన, పైన బంతిపూల వాసన, రెండూ కలిపి ఇప్పటికీ గుర్తుంది.

తర్వాత ఆయన జేబులోంచి పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసి, మొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. డాక్టరు స్టెతస్కోపు పెట్టినట్టు. ఒక్కో సిలిండర్ దగ్గరా ఆగి వింటూ పోయి, ఒక చోట నన్ను పిలిచి నా చెవికి పెట్టాడు. "ఇది విను, తర్వాత దాని పక్కది విను" అన్నాడు. నాకు రెండూ ఒకేలా వినిపించాయి. "నాకూ రెండేళ్లు పట్టింది లే" అన్నాడు.

ఈ చదువు ఏ పుస్తకంలో ఉంది? మాన్యువళ్లు ఉన్నాయి, ఇంగ్లీషులో ఉన్నాయి, ఏ నట్టు ఎంత బిగించాలో ఉంది. ఏ చప్పుడు ఏ జబ్బో లేదు. ఆల్కో గొప్పతనం ఇక్కడే ఉందని నేననేది. అది తప్పులు చేయని ఇంజన్ కాదు, తప్పు చేస్తే చెప్పే ఇంజన్, చేత్తో బాగుచేసుకోగల ఇంజన్. ప్రతి సిలిండర్‌కూ విడి హెడ్డు, అంటే పైమూత. ఒక సిలిండర్ పాడైతే దాన్ని మాత్రం విప్పి, క్రేనుతో తీసి, కొత్తది బిగించి, సాయంత్రానికి బండి పంపించొచ్చు, మిగతా పదిహేనింటి జోలికి పోనక్కర్లేదు. గ్రామం నుంచి వచ్చి ఐటీఐ చదివిన కుర్రాడు పదేళ్లలో దాన్ని ఆనవాలు పట్టగలిగాడు. కంప్యూటర్ లేదు, పాస్‌వర్డ్ లేదు, కంపెనీ నుంచి ఇంజనీరు రావాలనేది లేదు. వేల మంది చేతుల్లోకి ఒక పెద్ద యంత్రం అట్లా దిగడం మన దేశంలో ఎన్నిసార్లు జరిగింది?

లోపాలు దాచను. నల్ల పొగ నిజం. డ్రైవరు నాచ్, అంటే బలం పెంచే మీట మెట్టు, పెంచగానే డీజిల్ వెంటనే ఎక్కువ వస్తుంది, గాలి తోసే టర్బో వేగం అందుకోవడానికి కాస్త టైం పడుతుంది, ఆ మధ్యలో కాలని డీజిలే ఆ నలుపు. చూడ్డానికి బాగుంటుందని వీడియోలు తీసుకుంటాం గానీ, లైను పక్క ఇళ్లలో బట్టలు ఆరేసుకునేవాళ్లను అడిగితే తెలుస్తుంది. క్యాబ్‌లో ఎండాకాలం నరకం. ఇంజన్ ఒక కొసన క్యాబ్, మిగతాదంతా పొడుగాటి హుడ్డు, ఆ హుడ్డు ముందుండేలా నడపాల్సి వస్తే డ్రైవరుకు అవతలి పక్క దాదాపు కనబడదు, అసిస్టెంటు కళ్లే కళ్లు. సిగ్నల్ అతను చూసి అరవాలి, ఇతను తిరిగి అరవాలి, రాత్రంతా. ఆయిలు కారడం సరేసరి. నిలబడి ఉన్నా ఊరికే డీజిల్ తాగుతూనే ఉండేది, ఆపేస్తే మళ్లీ స్టార్టవుతుందో లేదోనన్న టెన్షన్‌తో ఆపేవాళ్లు కాదు.

అందుకే లైన్లు కరెంటుకు మారుతుంటే నేను ఏడవలేదు. దేశంలో బ్రాడ్‌గేజ్ విద్యుదీకరణ దాదాపు పూర్తయింది, అది మంచిదే, డీజిల్ దిగుమతి తగ్గుతుంది, పొగ తగ్గుతుంది, డ్రైవర్లకు ఏసీ క్యాబ్ వస్తోంది. వారణాసిలోనే రెండు ఆల్కో గూడ్సు ఇంజన్లను విప్పి కలిపి 10,000 హార్స్‌పవర్ కరెంటు ఇంజన్‌గా మార్చి 2019 ఫిబ్రవరిలో బయటికి తెచ్చారు, అది చూసి మామ కూడా "పనితనం ఉంది" అని మెచ్చుకున్నాడు. డీజిల్ షెడ్లలోకి ఎలక్ట్రిక్ ఇంజన్లు వస్తున్నాయి, అక్కడి ఫిట్టర్లు కొత్త పని నేర్చుకుంటున్నారు. దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఆల్కోలను మళ్లీ లైన్ మీదికి తెమ్మని ఎవరూ అడగట్లేదు.

అడిగేది ఒక్కటి. ఆవిరి ఇంజన్‌కు మనం చేసింది దీనికీ చేయమని. 1855 నాటి ఫెయిరీ క్వీన్‌ను బాగుచేసి 1997లో మళ్లీ పట్టాల మీద నడిపించాం, ప్రపంచమంతా మెచ్చుకుంది. రేవాడీలో ఆవిరి ఇంజన్ల కోసమే ఒక షెడ్డును బతికించుకున్నాం, ఇంజన్లకు నిప్పు వేసి నడిపిస్తున్నారు. అంటే మనకు చేతకాక కాదు. డీజిల్ అనేసరికి అది నిన్నమొన్నటి వస్తువు, చరిత్ర కాదు అనుకుంటున్నాం. 1962లో మొదటగా వచ్చిన 18040 నంబరు ఇంజన్ ఢిల్లీ నేషనల్ రైల్ మ్యూజియంలో ఉంది, సంతోషం. కానీ దాన్ని చూడొచ్చు, వినలేం. డబ్ల్యూడీఎం-2ను వినకుండా చూడటమంటే నాదస్వరాన్ని అద్దాల బీరువాలో చూడటమే.

ఖర్చు సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఊరికే భావుకత అంటారు. ఆగిన ఇంజన్ ఊరికే ఉండదు, పాడవుతుంది. లైనర్లకు తుప్పు పడుతుంది, రబ్బరు సీళ్లు గట్టిపడతాయి, బ్యాటరీలు పోతాయి. నెలకో రెండు నెలలకో ఒకసారి ఆయిలు, నీళ్లు చూసి, చేత్తో తిప్పి, స్టార్ట్ చేసి, షెడ్ యార్డులోనే నాలుగు అడుగులు ముందుకూ వెనక్కూ నడిపితే చాలు. దానికి కావాల్సిన విడిభాగాలు ఇవాళ తుక్కు కింద పోతున్న ఇంజన్లలోనే ఉన్నాయి. ఇంకో పదేళ్ల తర్వాత అడిగితే ఒక్కోటీ కొత్తగా పోత పోయించాలి. ఇప్పుడు తక్కువలో అయ్యేది అప్పుడు అసాధ్యం. అమెరికాలో పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్ చుట్టుపక్కల డెలావేర్-లాకవానా అనే చిన్న రైల్వే ఉంది, వాళ్లు ఆల్కోలతోనే నిజమైన గూడ్సు బండ్లు నడుపుతున్నారు, మ్యూజియం కోసం కాదు, రోజువారీ పనికే. కంపెనీ పోయి అర్ధ శతాబ్దం దాటిన చోట వాళ్లు చేయగలిగారు. వేలల్లో తయారు చేసిన మనం ఒకటి నిలుపుకోలేమా?

గుత్తిలో ఒకటి, కాజీపేటలో ఒకటి, విశాఖలో ఒకటి. మూడు కుదరకపోతే ఒకటి. సంవత్సరానికి ఒక్కరోజు, ఆయుధపూజ రోజు, ఊళ్లోని పిల్లల్ని రానివ్వండి, స్టార్ట్ చేసి చూపించండి. పోయేలోగా రిటైరైన ఫిట్టర్లను, డ్రైవర్లను పిలిచి, కుర్చీ వేసి, కెమెరా పెట్టి, వాళ్ల మాటల్లో, తెలుగులో చెప్పించండి. ఎక్స్‌ప్రెసర్ అంటే ఏంటి, అది గాలి నొక్కడం, వ్యాక్యూమ్ పీల్చడం రెండు పనులూ ఎట్లా చేసేది, టర్బో పోయే ముందు ఏ చప్పుడు వస్తుంది, బండి కాస్త వేగం అందుకోగానే మోటార్ల కనెక్షన్ మారినప్పుడు ఇంజన్ ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు అయ్యి మళ్లీ ఎందుకు లాగుతుంది, ఇవన్నీ.

ఎవరో చేసేదాకా ఆగకుండా నేను మామతో మొదలుపెట్టాను. ఫోన్‌లో పదకొండు గంటలు రికార్డ్ అయ్యింది ఇప్పటిదాకా. మొదట్లో "ఇదంతా ఎవరికి రా" అనేవాడు. ఇప్పుడు నేను పోవడం ఒక వారం ఆలస్యమైతే ఫోన్ చేస్తున్నాడు. మొన్న హెడ్డు బిగించే వరుస చెప్తూ, మాటల్లో రావట్లేదని వంటింట్లోంచి గిన్నెలు తెప్పించి నేల మీద పరిచి చూపించాడు, ఏ నట్టు తర్వాత ఏ నట్టు, ఎదురెదురుగా, ఒకేసారి బిగించకుండా మూడు విడతల్లో. అత్త గిన్నెలకోసం అరుస్తూనే ఉంది. వచ్చే ఆదివారం గవర్నర్, అంటే ఇంజన్ వేగాన్ని అదుపులో పెట్టే భాగం, గురించి చెప్తానన్నాడు. "అది ఒక్క పూటతో అయ్యేది కాదు, రాత్రికి ఉండేట్టు రా" అన్నాడు.